పాత డెలీషియస్ యాపిల్‌కు ఏమైంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ముదురు ఎరుపు రంగులో, అడుగున ఐదు బుడిపెలతో మన బజారులో కనిపించే డెలీషియస్ యాపిల్ గురించీ, దాని మూలరకమైన హాక్‌ఐ గురించీ విజయవాడ, గుంటూరు పాఠకులు రాసిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా ఇంట్లో యాపిల్ అంటే ముదురు ఎరుపుదే కొంటాం. బీసెంట్ రోడ్డులో బండి మీద చూసినప్పుడు నిగనిగలాడుతూ ఉంటుంది, ఇంటికి తెచ్చి కోస్తే పిండి పిండిగా, రుచీ పచీ లేకుండా ఉంటుంది. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి, అక్కడ ఈ పండును ఇప్పుడు ఎవరూ పెద్దగా ఇష్టపడరనీ, కానీ దీని మూలరకం హాక్‌ఐ ఒకప్పుడు చాలా రుచిగా ఉండేదనీ చెప్పాడు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: నిజమేనమ్మా. మీరు కొనే పండు, హాక్‌ఐ వేర్వేరు జాతులు కావు. ఒకే చెట్టు నుంచి అంటుల ద్వారా దిగివచ్చిన పండు నూరేళ్ళలో ఇలా మారిపోయింది.

ఆ మొదటి చెట్టు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, మాడిసన్ కౌంటీలోని పెరూ అనే ఊరి దగ్గర, జెస్సీ హయాట్ అనే రైతు తోటలో 1870 ప్రాంతంలో మొలిచింది. ఎవరూ నాటలేదు, చెట్ల వరుసల మధ్య దానంతటదే లేచింది. వరుస తప్పి మొలిచిందని ఆయన దాన్ని నరికేశాడు. మరుసటి ఏడు మళ్ళీ చిగిర్చింది, మళ్ళీ నరికాడు. అప్పటికీ చావకుండా ఇంకా బలంగా లేచేసరికి, బతకాలని ఇంత పట్టుదల ఉంటే బతకనిద్దామని వదిలేశాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పక్కన ఉన్న బెల్‌ఫ్లవర్ అనే రకం గింజ నుంచి అది మొలిచి ఉంటుందని ఆయన నమ్మేవాడు. దాదాపు పదేళ్ళకు అది కాపుకు వచ్చింది. అయోవా రాష్ట్రాన్ని అక్కడి జనం ముద్దుగా హాక్‌ఐ అని పిలుచుకుంటారు కాబట్టి పండుకూ ఆ పేరే పెట్టాడు.

ఆ పండును ఈనాటి పండుతో పక్కపక్కన పెడితే చాలామంది పోల్చుకోలేరు. హాక్‌ఐ అంతటా ఎర్రగా ఉండదు. లేత పసుపు తొక్క మీద ఎర్రటి చారలు తొడిమ నుంచి అడుగుదాకా సాగి ఉంటాయి, ఎండ బాగా తగిలిన బుగ్గ మీద ఆ చారలు కలిసిపోయి ఎరుపు మరకలా కనిపిస్తాయి, నీడవైపు పసుపు పసుపుగానే మిగులుతుంది. తొడిమ దగ్గర వెడల్పుగా ఉండి కిందికి సన్నబడే ఆకారం, అడుగున ఉండే ఐదు బుడిపెలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. లోపలి కండ మీగడ రంగులో, రసంతో నిండి ఉంటుంది. పులుపు చాలా తక్కువ. తీపికి తోడు గట్టి సువాసన ఉండడం వల్ల పులుపు లేని లోటు తెలియదు. ఈ రకాన్ని నిలబెట్టింది ఆ సువాసనే, ఇప్పటి పండులో మనకు ముందుగా కరువైనదీ అదే.

1893లో మిస్సోరీ రాష్ట్రంలోని లూసియానా అనే పట్టణంలో స్టార్క్ నర్సరీవారు పండ్ల పోటీ పెట్టారు. ఆ రోజుల్లో అమెరికా బజారును ఏలుతున్న యాపిల్ బెన్ డేవిస్. అది చూడడానికి నిండుగా, ఎర్రగా ఉండేది, రైలు ప్రయాణాన్ని తట్టుకునేది, నెలల తరబడి నిలవ ఉండేది; తింటే మాత్రం సారం ఉండేది కాదు. దాని స్థానంలోకి రాగల రుచికరమైన రకం కోసమే ఆ వెతుకులాట. హయాట్ తన పండ్లను ఒక డబ్బాలో పంపాడు. నర్సరీ యజమాని క్లారెన్స్ స్టార్క్ ఒకటి కొరికి, దీనికి డెలీషియస్ అనే పేరే తగినదని అక్కడికక్కడే తేల్చాడు. కానీ పంపినవారి పేరు, ఊరు రాసిన చీటీ ఎక్కడో పోయింది. హయాట్ మరుసటి ఏడు మళ్ళీ పంపడంతో ఆచూకీ తెలిసి, ఆ చెట్టు మీది హక్కులను స్టార్క్ కొన్నాడు. మొదట్లో దాని పేరు ఉత్త డెలీషియస్సే. వెస్ట్ వర్జీనియాలోని క్లే కౌంటీలో మొలిచిన ఒక పసుపు యాపిల్‌ను 1914లో అదే నర్సరీ కొని గోల్డెన్ డెలీషియస్ అని పేరు పెట్టాక, తేడా తెలియడానికి పాతదాని ముందు రెడ్ చేరింది. ఈ రెండింటికీ పేరు కలిసింది తప్ప చుట్టరికం ఉందని చెప్పడానికి ఆధారం లేదు.

ఆ తర్వాత రెడ్ డెలీషియస్ ఎంతగా పెరిగిందంటే, 1980లలో వాషింగ్టన్ రాష్ట్రంలో పండే యాపిల్‌లో సుమారు నాలుగింట మూడు వంతులు అదే. 1990లు వచ్చేసరికి కొనేవాళ్ళు మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు; 2018లో అమెరికాలో ఎక్కువగా పండే యాపిల్ అన్న స్థానాన్ని గాలా రకానికి వదులుకుంది. చూడముచ్చటైన చప్పటి పండును తప్పించడానికి తెచ్చిన రకం, చివరికి తానే చూడముచ్చటైన చప్పటి పండు అనిపించుకుంది. నా ఉద్దేశంలో ఇందులో చెట్టు తప్పు చాలా కొద్ది. రంగును చూసి కొన్నవారిదీ, కొంటారని కోసినవారిదీ ఎక్కువ.

ప్రశ్న: అంటు కట్టిన చెట్టు తల్లిచెట్టు లాగానే కాస్తుందని విన్నాను. అలాంటప్పుడు చారల పండు కాసే చెట్టు అంటుల నుంచి పూర్తిగా ఎర్రటి పండు ఎలా వచ్చింది? హాక్‌ఐ ఇప్పుడు ఎక్కడైనా మిగిలి ఉందా?
(విశ్రాంత ఉపాధ్యాయులు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మీరు విన్నది సరైనదే. యాపిల్ చెట్టు తన పుప్పొడితో తాను సరిగా కాయ పట్టదు, వేరే రకం పుప్పొడి తేనెటీగల ద్వారా రావాలి. కాబట్టి గింజ నాటితే తల్లిని పోలని ఏదో కొత్త చెట్టు వస్తుంది. నూజివీడు తోటల్లో బంగినపల్లిని టెంకతో కాక అంటుతోనే పెంచినట్టు, డెలీషియస్ చెట్లన్నీ హయాట్ తోటలోని ఆ ఒక్క చెట్టు కొమ్మలకు కొనసాగింపులే. అయితే కొమ్మ పెరిగేటప్పుడు ఎక్కడో ఒక మొగ్గలో, కణాలు విడిపోయే సమయంలో, జన్యువులో చిన్న మార్పు జరగవచ్చు. ఆ మొగ్గ నుంచి వచ్చిన కొమ్మ మాత్రమే వేరుగా కాస్తుంది. మిగతా చెట్టంతా మామూలుగానే ఉంటుంది. ఆ కొమ్మ నుంచి పుల్ల తీసి అంటు కడితే మార్పు నిలిచిపోతుంది.

డెలీషియస్‌కు ఇలా మారే గుణం ఎక్కువ. 1920ల మొదట్లో న్యూజెర్సీలోని ఒక తోటలో, మిగతా కొమ్మల కాయలు ఇంకా పచ్చగా ఉండగానే ఒకే ఒక్క కొమ్మ కాయలు ముందుగా, ముదురుగా ఎర్రబడడం రైతు కంటపడింది. ఆ ఒక్క కొమ్మకు స్టార్క్ నర్సరీ 6,000 డాలర్లు చెల్లించింది. దానికి పెట్టిన పేరు స్టార్కింగ్. హిమాచల్ రైతులకు ఇది బాగా తెలిసిన పేరు. అక్కడితో దారి తెరుచుకుంది. ప్రతి తోటలోనూ ఇంకా ఎర్రటి కొమ్మ కోసం, ఇంకా ముందుగా ఎర్రబడే కొమ్మ కోసం వెతుకులాట మొదలై, రిచ్-ఎ-రెడ్, స్టార్క్‌రిమ్సన్, టాప్ రెడ్, రెడ్ చీఫ్, ఒరెగాన్ స్పర్ వంటి రకాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. వీటిలో కొన్ని పొట్టిగా, గుబురుగా పెరిగి చిన్న కొమ్మల మీద దగ్గరదగ్గరగా కాస్తాయి కాబట్టి ఎకరానికి ఎక్కువ చెట్లు పడతాయి.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. తొక్క ఎరుపుకు కారణం ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. అది ఎండకూ, చల్లటి రాత్రులకూ పెరుగుతుంది. అది లోపలి తీపికి గానీ వాసనకు గానీ కొలబద్ద కాదు. పాత హాక్‌ఐలో చారల మధ్య కనిపించే తొక్క అసలు రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరిగినప్పుడే పండు పక్వానికి వచ్చిందని రైతుకు తెలిసేది. పూర్తిగా ఎర్రబడే రకాల్లో ఆ గుర్తు ఎరుపు కింద దాగిపోయింది. కాయ పక్వానికి రావడానికి వారాల ముందే బజారుకు కావలసిన రంగు వచ్చేస్తుంది, రంగు వచ్చాక ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. పచ్చిగా కోసిన కాయలో తరువాత పిండిపదార్థం చక్కెరగా మారినా, చెట్టు మీద మాగితే వచ్చే నిండు వాసన రాదు. రంగు మారడం వల్లనే రుచి చచ్చిపోయిందని చాలామంది రాస్తుంటారు. నాకు అది సగం మాటే అనిపిస్తుంది. ఆ ఎరుపును చూసి తొందరగా కోయడం, కోసినదాన్ని నెలల తరబడి నిలవ ఉంచడం, ఈ రెండూ కలిసి చేసిన నష్టం అంతకంటే పెద్దది. ఇవే ఎర్ర రకాలను నిదానంగా పండనిచ్చి, కోసిన కొద్దిరోజుల్లో తింటే మనిషి తృప్తిపడే పండే.

ఇక హాక్‌ఐ మిగిలే ఉంది. అమెరికాలో పాత రకాలను పెంచే నర్సరీలు కొన్ని ఆ పేరుతోనే అంటులు అమ్ముతున్నాయి. హయాట్ తోటలోని మొదటి చెట్టు 1940 నవంబరులో అకస్మాత్తుగా వచ్చిన తీవ్రమైన చలికి చచ్చిపోయింది. ఆ ఒక్క గడ్డకట్టే చలితో అయోవా తోటలు చాలావరకు నాశనమయ్యాయి. కానీ తర్వాత దాని వేరు నుంచి పిలక లేచి చెట్టయింది. అంటుచెట్టు వేరు నుంచి వచ్చే పిలక వేరుమొక్క (అంటు కట్టిన కింది మొక్క) రకానిదే అవుతుంది తప్ప పండు రకానిది కాదు. ఇది గింజ నుంచి సొంత వేళ్ళ మీద లేచిన చెట్టు కావడం వల్ల, కింది నుంచి వచ్చిన పిలకా అసలు హాక్‌ఐయే అయింది.

ప్రశ్న: మా దుకాణంలో కొందరు సిమ్లా యాపిల్ అని, కొందరు కాశ్మీర్ యాపిల్ అని అడుగుతారు. రెండూ డెలీషియస్సేనా? అమెరికా చెట్టు హిమాలయాలకు ఎలా చేరింది?
(పండ్ల వ్యాపారి, కేదారేశ్వరపేట, విజయవాడ)

జవాబు: రెండు పేర్లూ ప్రాంతాన్ని చెప్పేవే, రకాన్ని చెప్పేవి కావు. మీ దగ్గరికి వచ్చే సరుకులో ఎక్కువ భాగం, అది ఏ వైపు నుంచి వచ్చినా, డెలీషియస్ కుటుంబానిదే. హిమాచల్‌లో రాయల్ డెలీషియస్ పేరుతో పెరిగేది ముఖ్యమైన పంట.

కులూ లోయలో బందరోల్ దగ్గర కెప్టెన్ లీ అనే ఆంగ్లేయుడు 1870లో యాపిల్ తోట వేశాడు. ఆయన, ఆయన తర్వాతివాళ్ళు తెచ్చినవి ఇంగ్లండు రకాలు, వాటిలో చాలావరకు పుల్లనివి. వంటకూ, దొరల బల్లకూ అవి సరిపోయాయి కానీ మనవాళ్ళ నాలుకకు ఎక్కలేదు. ఆ పరిస్థితిని మార్చినవాడు అమెరికా నుంచి 1904లో వచ్చి ఇక్కడే ఉండిపోయిన శామ్యూల్ స్టోక్స్. సిమ్లా దగ్గర కోట్‌గఢ్ ప్రాంతంలో 1916లో ఆయన డెలీషియస్ మొక్కలు నాటాడు. అక్కడి పహాడీ రైతులకు మొక్కలిచ్చి, పెంచే పద్ధతి నేర్పి, ధాన్యం పండించుకునే ఊళ్ళను తోటల ఊళ్ళుగా మార్చాడు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళిన ఆయనే 1932లో హిందూమతం స్వీకరించి సత్యానంద స్టోక్స్ అయ్యాడు. పులుపు దాదాపు లేని తీపి, మంచి రంగు, కొన్ని నెలల నిలవ, ఈ మూడూ కలిసిన పండు అంతకుముందు భారతీయ బజారులో లేదు కాబట్టి డెలీషియస్ గెలిచింది.

కాశ్మీరుకు డెలీషియస్ రాకముందే సొంత యాపిల్ ఉంది. దాని పేరు అంబ్రి. ఆలస్యంగా పండి, కరకరలాడుతూ, సువాసనతో, చలికాలమంతా నిలవ ఉండే పండు అది. డెలీషియస్ అక్కడ విస్తరించాక అంబ్రి తోటలు తగ్గిపోయాయి. శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ కలిపి లాల్ అంబ్రి అనే సంకర రకం చేశారు. మీ దుకాణానికి ఎప్పుడైనా అంబ్రి పెట్టె వస్తే, దాన్ని రంగు తక్కువ సరుకుగా చూసి ధర తగ్గించకండి. తెలిసినవాళ్ళు దాన్ని వెతుక్కుంటూ వస్తారు.

ప్రశ్న: కొనేటప్పుడే పిండి పండును గుర్తుపట్టే మార్గం ఉందా? కొన్నాక ఎలా ఉంచాలి?
(ఇద్దరు పాఠకులు వేర్వేరుగా అడిగారు: పటమట, విజయవాడ, కొత్తపేట, గుంటూరు)

జవాబు: ముందు పిండిగా ఎందుకు అవుతుందో చెబుతాను, గుర్తుపట్టడం దానివల్ల తేలికవుతుంది. గట్టి పండును కొరికినప్పుడు కణాలు పగిలి రసం నోట్లోకి వస్తుంది. పండు మాగి ముదిరేకొద్దీ కణాలను ఒకదానితో ఒకటి అంటించి ఉంచే పెక్టిన్ కరిగిపోతుంది. అప్పుడు కొరికితే కణాలు పగలకుండా విడివిడిగా ఊడి వస్తాయి, వాటిలోని రసం వాటిలోనే ఉండిపోతుంది. పండులో నీరు ఉంటుంది, నోటికి మాత్రం తెలియదు. ఈ గుణం డెలీషియస్‌లో ఎక్కువ. సున్నా డిగ్రీల దగ్గర నెలలు పట్టే ఈ మార్పు మన ఊరి ఎండలో బండి మీద కొద్దిరోజుల్లోనే పూర్తవుతుంది.

పండును ఎంచేటప్పుడు బుగ్గల మీది ఎరుపును చూడడం మానేసి తొడిమ గుంటలోకి చూడండి. ఎంత ముదురు రకమైనా తొడిమ చుట్టూ ఉండే గుంటలోనూ, అడుగున బుడిపెల మధ్య ఉన్న గుంటలోనూ ఎరుపు పలచబడి తొక్క అసలు రంగు కొద్దిగా బయటపడుతుంది. అది ఆకుపచ్చగా ఉంటే కాయను పచ్చిగానే కోశారు; లేత పసుపు, మీగడ రంగు ఉంటే చెట్టు మీద కొంత పండింది. తర్వాత అడుగు గుంట దగ్గర వాసన చూడండి, ఏ వాసనా రాకపోతే రుచి మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. అదే పరిమాణంలో ఉన్న రెండింటిలో బరువైనదే రసం ఉన్నది. బొటనవేలితో మెల్లగా నొక్కితే లొంగే పండు పిండి అయ్యే దారిలో ఉన్నట్టే. ఇదంతా బండివాడి ముందు చేయడానికి మొహమాటపడేవాళ్ళు ఒక్క పండు కొని అక్కడే కోయించుకుని, బాగుంటే మిగతావి తీసుకోవచ్చు; మామిడికి చేసే పని యాపిల్‌కు చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

ఉత్సాహం ఉన్నవాళ్ళకు తోటల్లో చేసే పరీక్ష ఒకటి ఉంది. పండును నిలువుగా కాకుండా నడుము దగ్గర అడ్డంగా రెండు చక్కలు చేయాలి. మధ్యలో గింజల గూళ్ళు ఐదు రేకుల నక్షత్రంలా కనిపిస్తాయి. కోసిన ముఖం మీద నీళ్ళు కలిపిన టింక్చర్ అయోడిన్ పూసి కొద్ది నిమిషాలు ఆగాలి. పిండిపదార్థం ఉన్నచోట నీలినలుపు రంగు వస్తుంది. పచ్చికాయ అయితే ముఖమంతా నల్లబడుతుంది. పండే కొద్దీ మధ్యనున్న నక్షత్రం నుంచి తెలుపు మొదలై నలుపు తొక్కవైపు జరుగుతుంది. కోతకు తగిన కాయలో నడుమ తెల్లగా, అంచున నలుపు పట్టీ ఉంటుంది. నిలవ ఉన్న పండులో పిండిపదార్థమంతా చక్కెరగా మారిపోయి ఉంటుంది కాబట్టి నలుపు రాదు. అందువల్ల కొత్తగా దిగిన సరుకు మీదే ఈ పరీక్షకు అర్థం ఉంటుంది. అయోడిన్ పూసిన చక్కలను పారేయాలి, తినకూడదు.

కొనే కాలం కూడా ముఖ్యమే. శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతానికీ, ఆ వెంటనే వినాయకచవితికీ వచ్చే సరుకు హిమాచల్‌లో తక్కువ ఎత్తులో ఉన్న తోటలది. పండగ గిరాకీకి తొందరపడి కోసిన కాయ దానిలో ఎక్కువగా కలుస్తుంది. రంగు త్వరగా రావడానికి ఎథ్రెల్ అనే రసాయనం చల్లే అలవాటూ కొన్ని తోటల్లో ఉంది. దసరా నుంచి కార్తీకం దాకా వచ్చే ఎత్తైన తోటల పండు, కాశ్మీర్ పండు డెలీషియస్‌ను దాని మంచి రూపంలో రుచి చూడడానికి తగినవి. సంక్రాంతి దాటాక దొరికేది చాలావరకు ఆక్సిజన్ తగ్గించిన చల్లటి గదుల్లో నిలవ ఉంచినది. ఆ గదుల్లో పండు గట్టిగానే ఉంటుంది, బయటికి తీశాక త్వరగా మెత్తబడుతుంది, వాసన కూడా పూర్తిగా తిరిగిరాదు. వేసవిలో డెలీషియస్ కొనడం కంటే ఆ డబ్బుతో మన మామిడి కొనుక్కోవడం మేలని నా సలహా.

ఇంటికి తెచ్చిన పండ్లను పళ్ళెంలో పేర్చి భోజనబల్ల మీద ఉంచవద్దు. చిల్లులున్న సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. యాపిల్ విడిచే ఇథిలీన్ వాయువు ఆకుకూరలను పసుపు పచ్చగా మారుస్తుంది, అరటిపండును గబగబా పండిస్తుంది కాబట్టి వాటికి దూరంగా ఉంచడం మంచిది.

ప్రశ్న: ఒక యాపిల్ కోస్తే లోపల గింజల చుట్టూ నీరు పట్టినట్టు, వెలుతురు దూసుకుపోయేలా ఉంది. చెడిపోయిందని పారేశాం. మందు ఏదైనా ఎక్కించారేమోనని భయమేసింది.
(ఒక గృహిణి, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: మందు ఎక్కించలేదు, పారేయనవసరమూ లేదు. యాపిల్ ఆకులు తయారుచేసే చక్కెరలో పెద్ద భాగం సార్బిటాల్ రూపంలో కాయకు చేరుతుంది. పండు బాగా మాగే దశలో కణాలు దాన్ని పూర్తిగా లోపలికి తీసుకోలేకపోతే అది కణాల మధ్య ఉన్న గాలి ఖాళీల్లోకి చేరి, నీటిని కూడా లాగుతుంది. గాలి ఉండాల్సినచోట నీరు నిండడం వల్లే ఆ భాగం పారదర్శకంగా కనిపిస్తుంది. డెలీషియస్‌లో ఇది తరచుగా వస్తుంది, అదీ చెట్టు మీద పూర్తిగా పండిన కాయలో. జపాన్‌లో ఫ్యూజీ రకంలో ఇదే కనబడితే తేనె పట్టిందని మురిసిపోయి ఎక్కువ ధర పెట్టి కొంటారు. మీరు పారేసింది బహుశా ఆ పెట్టెలోకెల్లా బాగా పండిన పండు. ఇలాంటి పండు నిలవకు పనికిరాదు, కొన్నాళ్ళకు ఆ భాగం గోధుమరంగుకు తిరిగి పులిసిన వాసన వస్తుంది. అలా మారినదాన్ని మాత్రం తినవద్దు.

ప్రశ్న: హాక్‌ఐ అంటు తెప్పించి మా డాబా మీద పెద్ద కుండీలో పెంచాలని ఉంది. విజయవాడలో కాస్తుందా?
(ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ)

జవాబు: మొక్క కొంతకాలం బతకవచ్చు, కాపు రాదు. యాపిల్ చెట్టు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. ఆ నిద్ర వదలాలంటే సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలు దానికి తగలాలి. డెలీషియస్ కుటుంబానికి ఇది 800 నుంచి 1,200 గంటలు. విజయవాడలో ధనుర్మాసపు తెల్లవారుజామున కూడా 7 డిగ్రీలకు దిగదు. అంత చలి తగలని మొగ్గలు సరిగా విచ్చుకోవు. ఆకు అక్కడక్కడా వస్తుంది, పూత రాదు, వచ్చినా కాయ నిలవదు. పైగా ఇది ఒంటరిగా కాయదు, పక్కన గోల్డెన్ డెలీషియస్ వంటి తోడు చెట్టు అదే సమయంలో పూయాలి. మీ డాబా మీద రెండు కుండీలు పెట్టినా మొదటి అడ్డంకి తీరదు.

తక్కువ చలితో కాసే రకాలు వేరే ఉన్నాయి: ఇజ్రాయెల్ వారి అన్నా, బహామాస్ దీవుల్లో పుట్టిన డార్సెట్ గోల్డెన్, హిమాచల్‌లోని బిలాస్‌పూర్ రైతు హరిమన్ శర్మ వెలుగులోకి తెచ్చిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99. ఈ కృషికి ఆయనకు 2025లో పద్మశ్రీ ప్రకటించారు. మన రాష్ట్రంలో చలి ఎక్కువగా ఉండే లంబసింగి, చింతపల్లి ప్రాంతాల్లో యాపిల్ ప్రయోగాలు జరిగాయి. ముచ్చటకు ఒక చెట్టు పెంచాలనుకుంటే ఇలాంటి రకాన్ని ఎంచుకోండి, కాసే నాలుగు కాయలకూ సంతోషించండి. హాక్‌ఐ రుచిని మాత్రం దాని నుంచి ఆశించవద్దు. డబ్బు పెట్టే ముందు, రకం పేరు చెప్పకుండా ఉత్త యాపిల్ మొక్క అని అమ్మేవారి దగ్గర కొనవద్దు. ఇక్కడి ఎండకు కుండీ మట్టి వేడెక్కి వేళ్ళు దెబ్బతింటాయి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు నీడ, మొక్క మొదలు చుట్టూ మందంగా ఎండుటాకు తప్పనిసరి.

ప్రశ్న: పిండి అయిపోయిన డెలీషియస్ పండ్లతో పచ్చడి చేయవచ్చా?
(ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: చేయవచ్చు, కానీ దానిలో లేని పులుపును మీరే ఇవ్వాలి. డెలీషియస్‌కు పులుపు తక్కువ. ఉడికిస్తే ఉన్న కాస్త వాసనా పోయి చప్పటి ముద్ద మిగులుతుంది. అందుకే ఉడికించకుండా తొక్కతోనే సన్నగా తరిగి, నూనెలో ఒక్క నిమిషం మాత్రం మగ్గనిచ్చి, చింతపండు కాస్త ఎక్కువగా, గుంటూరు మిరపకాయలు వేయించి కలిపి కచ్చాపచ్చాగా నూరితే అన్నంలోకి బాగానే ఉంటుంది. అదే రోజు తినేయాలి, నిలవ పచ్చడికి ఈ రకం పనికిరాదు. పుల్లటి ఆకుపచ్చ గ్రానీ స్మిత్ దొరికితే చింతపండు సగానికి తగ్గించుకోవచ్చు.